బాలమణి చనిపోయిన తేదీ

ఉదయం ఆరున్నరకు కర్దనూర్‌లో మా చిన్నమ్మ ఉండే గది దగ్గరికి చేరేసరికి ఆమె తలుపుకు తాళం వేసి, మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో చిన్నాయన మిలిటరీ డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ ఆర్డరు, ఆయన డెత్ సర్టిఫికెట్టు, ఆమె ఆధార్ కార్డు, ఒక పెళ్లి ఫొటో. అన్నీ ఉన్నాయో లేదో మళ్లీ ఒకసారి చూడమని సంచి నా చేతికిచ్చింది. ఆమెకు చదువు రాదు. కాగితాలను రంగును బట్టీ మడతను బట్టీ గుర్తుపడుతుంది.

ఎందుకు బయల్దేరామో ముందు చెప్పాలి. మా అమ్మకు చెల్లెలు సత్తెమ్మ. ఆమె భర్త నర్సింహులు పదిహేడేళ్లు ఫౌజులో పనిచేసి హవల్దారుగా వచ్చేశాడు. ఆ తర్వాత పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర చాలా ఏళ్లు సెక్యూరిటీ డ్యూటీ చేశాడు. పిల్లలు లేరు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే, పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టిందీ ఆయనే. ఆర్నెల్ల కిందట నిద్రలో పోయాడు. మాజీ సైనికులు పదిమంది వచ్చి దండ వేసి సెల్యూట్ చేసి వెళ్లారు. అది చూసిన మా వీధివాళ్లు సత్తెమ్మకు ఇక దిగులు లేదు, గవర్నమెంటే చూసుకుంటుంది అన్నారు.

ఆ మరుసటి నెల పెన్షన్ ఆగిపోయింది. చనిపోయిన సైనికుడి భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి, మిలిటరీ దవాఖాన కార్డు రావాలి. చిన్నమ్మకు షుగరు ఉంది, కుడి కన్ను మసకబారుతోంది. అడగడానికి వెళ్తే తెలిసింది, రికార్డులో ఆయన భార్య పేరు బాలమణి అని ఉందట.

బాలమణి ఆయన మొదటి భార్య. కామెర్లతో చనిపోయిందనీ, ఆ తర్వాత ఏడాదికి తనను చేసుకున్నాడనీ చిన్నమ్మకు పెళ్లికి ముందే చెప్పారు. బాలమణి చనిపోయినట్టు ఫౌజు రికార్డులో ఎవరూ రాయించలేదు. ఆ చావు రుజువైతే తప్ప చిన్నమ్మ పేరు ఎక్కదు. పాత రిజిస్టర్ల కోసం మూడు నెలలు తిరిగాం, దొరకలేదు. చివరికి నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో సదాశివపేట వైపు నుంచి వచ్చే ఒకామె ద్వారా బాలమణి అన్న కిష్టయ్య ఫోన్ నంబరు దొరికింది. ఫోన్‌లో నేను చెప్పిందంతా విని ఆయన ఒక్క మాటే అన్నాడు, "రాండ్రి" అని. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకరోజు సెలవు పెట్టి చిన్నమ్మను తీసుకుని బయల్దేరాను.

కర్దనూర్ నుంచి పటాన్‌చెరుకు ఆ వేళ బస్సు కోసం చూడకూడదు. షేర్ ఆటో ఎక్కాలి. మనిషికి ముప్ఫై. మా ఆటోలో అప్పటికే నలుగురు కంపెనీవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక బీహారీ వెల్డరు చిన్నమ్మను గుర్తుపట్టి, "మౌసీ, ఆజ్ ఛుట్టీ?" అని అడిగాడు. సెలవే అన్నట్టు చిన్నమ్మ తల ఊపింది. చిన్నాయన పోయిన రెండో నెల నుంచి ఆమె వాళ్లుండే హాస్టల్లో గిన్నెలు తోముతోంది. ఈమె హవల్దారు భార్య అని నేను అతనికి చెప్పబోయి ఆగిపోయాను. ఆ హోదాను రుజువు చేసుకోవడానికే కదా వెళ్తున్నాం.

ఏడుంబావుకు పటాన్‌చెరు, ఏడూ నలభైకి సంగారెడ్డి బస్సు. మొదటి షిఫ్టు జనం దిగిపోవడంతో సీట్లు దొరికాయి. ఆడవాళ్లం, టికెట్టుకు డబ్బులు అక్కర్లేదు. కండక్టరమ్మ చిన్నమ్మ ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చింది. ఆ కార్డు మీద నర్సింహులు భార్య అని అచ్చయి ఉంది. బస్సుకు అది సరిపోయింది. ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం దాటి కంది దాకా రోడ్డుకు రెండువైపులా గోదాములూ లారీలే. ఇస్నాపూర్ దగ్గర ఎప్పటిలాగే గొంతులో పట్టే వాసన. చిన్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బాలమణి అన్న మనల్ని ఏమైనా అంటాడేమో అని రెండుసార్లు అడిగింది. వాళ్లతో రాకపోకలు తెగిపోయాయనీ, ఆ ఊరి వైపు కాలు పెట్టొద్దనీ చిన్నాయన ఎప్పుడూ చెప్పేవాడట.

ఎనిమిదీ నలభైకి సంగారెడ్డిలో దిగాం. ఆఫీసులు పదిన్నరకు గానీ తెరుచుకోవు. బస్టాండు ఎదురుగా ఇడ్లీలు తిని, టీ తాగి, అక్కడే కాగితాలన్నీ జిరాక్స్ తీయించాను. తర్వాత తీసుకుందాంలే అనుకుంటే ఆఫీసు దగ్గర క్యూలో నిలబడాలి.

మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసులో ఆ రోజు కిటకిటలాడుతున్నారు. నవంబరు నెల, బతికి ఉన్నామని రుజువు ఇచ్చుకోవాల్సిన నెల. ముసలివాళ్లు వరుసగా కూర్చుని వేలిముద్ర యంత్రం మీద వేళ్లు పెడుతున్నారు. అరిగిపోయిన వేళ్లను అది ఒప్పుకోవడం లేదు. తడిగుడ్డతో తుడుచుకుని మళ్లీ పెడుతున్నారు. బెంచీ మీద మా పక్కన ఫౌజులో నాయక్‌గా చేసిన డెబ్బై దాటిన ఒకాయనా, ఆయన భార్యా కూర్చున్నారు. మేం ఎవరి పని మీద వచ్చామో విని ఆయన లేచి నిలబడ్డాడు.

"నర్సింహులు సాబ్ ఇంటోల్లా మీరు? మా ఆమె పేరు తప్పు వడితె ఆయననే తిరిగి తిరిగి సక్కగ చేయిచ్చిండు. నా ఒక్కనిదే కాదు, శానమందియి చేయిచ్చిండు."

ఆయన భార్య చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, మంచి మనిషమ్మా అంది. చిన్నమ్మ ముఖం వెలిగింది.  ఇంతమంది ఆడవాళ్ల పేర్లు సరిచేయించిన మనిషికి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో బాగా తెలుసు. మరి ఇంట్లో ఉన్న ఆవిడ పేరు?

పదకొండుంబావుకు మా వంతు వచ్చింది. గుమాస్తా ఓపిక గలవాడు. డిశ్చార్జి పుస్తకం పేజీ పేజీ తిప్పి చూశాడు. మేం పోయిన నెలే ఇచ్చిన పెళ్లి అఫిడవిట్టు రికార్డుల ఆఫీసుకు వెళ్లిపోయిందనీ, అందులో రాసిన పెళ్లి తేదీ ఇక మారదనీ చెప్పాడు. బాలమణి తోబుట్టువు సంతకంతో, ఇద్దరు ఊరి పెద్దల సాక్ష్యంతో ఆమె చనిపోయిన తేదీ రాయించి తెమ్మన్నాడు. ఏ మాటలు రాయాలో ఒక నమూనా కూడా ఇచ్చాడు. లేవబోతుంటే కొంచెం గొంతు తగ్గించి నాతో అన్నాడు.

"తేదీ చూసుకోండమ్మా. మొదటామె పోయినంక జరిగిన పెళ్లయితే ఏం ఇబ్బంది లేదు. ఆమె ఉండంగ జరిగితె మాత్రం చట్టం దాన్ని పెళ్లి అనదు. పెన్షన్ రాదు, కార్డు రాదు."

మా చిన్నమ్మ పెళ్లి బాలమణి పోయిన ఏడాదికి జరిగిందని నేను ధీమాగా చెప్పాను.

బయట స్టాంపు పేపరు కొని, నమూనా ప్రకారం టైపు చేయించాను. తేదీ దగ్గర ఖాళీ ఉంచమన్నాను. పన్నెండున్నరకు ఒక మెస్సులో భోజనం చేశాం. ప్లేటు తొంభై. పప్పూ చారూ బాగున్నాయి. చిన్నమ్మ షుగరు సంగతి మరిచిపోయి అన్నం రెండోసారి పెట్టించుకుంది. చిన్నాయనను అంతమంది తలుచుకున్నారన్న సంతోషం అది.

ఒంటిగంటకు సదాశివపేట బస్సు. చిన్నమ్మ పక్కన జామకాయల గంప ఒళ్లో పెట్టుకుని ఒక ముసలి ముస్లిం ఆవిడ కూర్చుంది. పేటలో మీకెవరున్నారమ్మా అని ఆవిడ అడిగింది. "మా అక్క ఊరికి పోతున్నం" అంది చిన్నమ్మ. అక్క బాగుందా అని అడిగితే, లేదమ్మా, పోయి శాన దినాలయింది అంది. నేను కిటికీలోంచి చూస్తూ విన్నాను. చూడని సవతిని ఆమె అంత మామూలుగా అక్క అంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ దిగేముందు రెండు జామకాయలు తీసి చిన్నమ్మ చేతిలో పెట్టింది.

సదాశివపేటలో దిగేసరికి ఒంటిగంటా నలభై ఐదు. అక్కడి నుంచి ఆ ఊరికి ఆటోలో ముప్పావుగంట. ఊరి పేరు రాయను, కిష్టయ్య వద్దన్నాడు. నల్లరేగడి నేలలు, రెండువైపులా పత్తి, మధ్యలో కంది సాళ్లు. పత్తి ఏరే రోజులు కావడంతో ఊళ్లో మగవాళ్లు కూడా పెద్దగా కనిపించలేదు.

కిష్టయ్యకు డెబ్బై ఉంటాయి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉన్నాడు. ముందుగది నిండా ఏరిన పత్తి గుట్టగా పోసి ఉంటే దాన్ని ఒక పక్కకు నెట్టి మాకు చాప వేశాడు. కోడలితో నీళ్లిప్పించాడు, టీ ఇప్పించాడు. చిన్నమ్మను ఒకసారి తేరిపార చూసి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఇంకేం అడగలేదు. నేను స్టాంపు పేపరు తీసి, ఏం కావాలో మొదటి నుంచీ మళ్లీ చెప్పాను. తేదీ గుర్తుందా పెద్దయ్యా అన్నాను.

"గుర్తుంచుకునుడేంది, రాతి మీదనే ఉన్నది. పాండ్రి" అని కండువా భుజాన వేసుకుని లేచాడు.

వాళ్ల పొలం ఊరికి ఆనుకునే ఉంది. గట్టు మీద, వేపచెట్టు పక్కన మోకాలెత్తు సమాధి. తలవైపు నల్లబండ నిలబెట్టి దాని మీద అక్షరాలు చెక్కించారు. అక్షరాల్లో తెల్లరంగు కొత్తగా ఉంది. ఏటా పెత్రమాసకు, పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్యకు, తానే రంగు వేస్తానని కిష్టయ్య చెప్పాడు. చిన్నమ్మ చెప్పులు విడిచి, బస్సులో ఇచ్చిన జామకాయలు రెండూ సమాధి మీద పెట్టి దండం పెట్టుకుంది.

"ఏమని రాసిన్రు బిడ్డా?" అని నన్నడిగింది.

నేను చదివాను. బాలమణి. భర్త పేరు నర్సింహులు, మిలిటరీ. దాని కింద తేదీ. చదవబోయి ఆగిపోయాను. నేను పుట్టింది చిన్నమ్మ పెళ్లయిన నాలుగు నెలలకు. మా అమ్మ ఐదు నెలల కడుపుతో చెల్లెలి పెళ్లి పనులు చేసిందని ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే మాట. నా పుట్టిన సంవత్సరం నాకు తెలుసు. రాతి మీద ఉన్నది దానికి రెండేళ్ల తర్వాతి సంవత్సరం.

ఎండకు సరిగా కనిపించడం లేదేమో అని దగ్గరికి వంగి వేలితో తడిమి చూశాను. అంకెలు లోతుగా, స్పష్టంగా ఉన్నాయి.

"తేదీ లేదా?" అంది చిన్నమ్మ.

ఉంది అన్నాను.  కిష్టయ్య నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. మాకు తెలియదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

"సదువు బిడ్డా. నేనే దగ్గరుండి చెక్కిచ్చిన. తప్పేం లేదండ్ల."

చదివాను. చిన్నమ్మకు సంవత్సరాల అంకెలు పట్టుబడవు. కొంచెంసేపు ఆలోచించి, అప్పటికి నీకెన్నేండ్లు అని అడిగింది. రెండు అన్నాను. ఆమె మెల్లగా గట్టు మీద కూర్చుంది. కాళ్లు రెండూ ముందుకు చాపుకుని, చీర కుచ్చిళ్లకు అంటిన పత్తి పింజలు ఒక్కొక్కటే తీస్తూ ఉండిపోయింది.

కిష్టయ్య నిలబడే చెప్పాడు, గొంతు పెంచకుండా. బాలమణికి కామెర్లు రాలేదు. చొప్ప బండి మీది నుంచి పడి నడుము పోయింది. నర్సింహులు సెలవు మీద వచ్చి చూశాడు. మిలిటరీ దవాఖానకు తీసుకెళ్లు, అక్కడ పెద్ద డాక్టర్లుంటారు, నీ భార్యకు ఖర్చు లేకుండా చూస్తారు అని కిష్టయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. మళ్లీ వచ్చినప్పుడు తీసుకెళ్తానన్నాడు. మళ్లీ వచ్చాడు, చూశాడు, పోయాడు. మూడున్నరేళ్లు ఆమె అన్న ఇంట్లోనే మంచంలో ఉంది. వాళ్లమ్మే అన్నీ చేసింది.

"పెండ్లి చేసుకున్నడని ఇన్నం. నీకు తెలిసే చేసుకున్నవనుకున్నం ఇన్నేండ్లు" అన్నాడు చిన్నమ్మతో.

"నాకు ఎర్కలేదన్నా" అంది ఆమె. తల ఎత్తలేదు.

 ఆ గట్టు మీద నిలబడే నాకు అన్నీ ఒకదాని వెంట ఒకటి అర్థమయ్యాయి. మొదటి భార్య బతికుండగా రెండో పెళ్లి చేసుకున్నట్టు తెలిస్తే ఫౌజులో ఉద్యోగం పోయేది. అందుకని చిన్నమ్మ పేరు ఎక్కించలేదు. సరే, అప్పుడు భయపడ్డాడు. బాలమణి పోయిన తర్వాతైనా ఏదో ఒక గుడిలో చిన్నమ్మ మెళ్లో మళ్లీ తాళి కట్టి ఆ తేదీ రాయించుకుంటే అయిపోయేది. ఒక్కపూట పని. కానీ మళ్లీ ఎందుకు కట్టాలో ఆమెకు ఒక్కసారి చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడం ఇష్టం లేక నలభై ఏళ్లు ఊరందరి భార్యల పేర్లూ సరిచేయిస్తూ తిరిగాడు.

చిన్నమ్మ వినకుండా కిష్టయ్యను మోటారు గది వైపు తీసుకెళ్లాను. నేను ఏం చేశానో దాచను. తేదీ మార్చి రాయమని అడిగాను. పెళ్లికి ఏడాది ముందటి తేదీ వేయమన్నాను. తప్పు చేసినవాడు దండ వేయించుకుని పోయాడు, శిక్ష ఈమెకెందుకు అన్నాను.

 రాస్తా అన్నాడు ఆయన. "ఆమెతోని నాకేం పగ లేదు. పెద్దమనుషులతోని సంతకాలు గూడ పెట్టిపిస్త. కాకపోతె ఆ రాయి తియ్యమంటె మాత్రం తియ్య."

తియ్యక్కర్లేదన్నాను.

ఇంటికి వచ్చాక చిన్నమ్మ పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే కిష్టయ్య నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. రేకు పెట్టెలోంచి మడతలు చిరుగుతున్న ఒక కాగితం తీసి ఇచ్చాడు. నర్సింహులు చేతిరాత నాకు బాగా తెలుసు, నా స్కూలు అప్లికేషన్లన్నీ ఆయనే రాసేవాడు. నా భర్త రెండో పెళ్లి చేసుకోవడానికి నాకు ఎలాంటి అభ్యంతరం లేదు అని రాసి ఉంది. కింద నీలంసిరా వేలిముద్ర. పడుకున్న మనిషి చెయ్యి పట్టుకుని వేయించాడేమో, అది పక్కకు జారి సగమే పడింది. పెళ్లికి వారం ముందు వచ్చి ఇది తీసుకున్నాడట. ఒకటి తన దగ్గర పెట్టుకుని ఇంకొకటి వీళ్లకు ఇచ్చి పోయాడు. పిల్ల ఎట్లుంటది అని బాలమణి ఆయన్నే అడిగిందట.

"ఆమెకు సూపియ్యమంటవా?" అన్నాడు కిష్టయ్య. వద్దన్నాను. కాగితం మళ్లీ పెట్టెలోకి పోయింది.

మూడున్నర దాటింది. చాప మీద కూర్చుని కిష్టయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కలం తీసి ఖాళీ దగ్గర ఆనించాడు.

"ఆగన్నా" అంది చిన్నమ్మ. "ఏ తారీకు రాస్తున్నవు?"

ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పాల్సి వచ్చింది. నీ పెళ్లికి ముందటి తేదీ అన్నాను.

"ఆమె ఆ తర్వాత గూడ బతికె గదా" అంది.

"బతికింది. ఇప్పుడు అది ఎవలకు గావాలె చిన్నమ్మా? ఆయన చేసినదానికి నీ కండ్లు పోగొట్టుకుంటవా?"

"మొగన్ని తీసుకున్న. తెల్వక తీసుకున్న. ఇప్పుడు తెలిసి, ఆమె బతికిన మూడేండ్లు గూడ నేనే తీసుకోవాల్నా?"

 కిష్టయ్య కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. ఉన్నదున్నట్టు రాయమని చిన్నమ్మ ఆయనకే చెప్పింది. నేను కోప్పడ్డాను, బతిమాలాను, రేపు మంచాన పడితే ఎవరు చూస్తారని అనరాని మాట కూడా అన్నాను. ఆమె కదల్లేదు. కిష్టయ్య రాతి మీద ఉన్న తేదీనే రాసి సంతకం పెట్టాడు. పక్కిళ్లలోని పెద్దమనుషులిద్దరిని పిలిచి సాక్షి సంతకాలు పెట్టించాడు. వెళ్లేటప్పుడు ఆయన కోడలు చిన్నమ్మకు బొట్టు పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక జాకెట్ గుడ్డ మాత్రం చేతిలో పెట్టింది. "మల్ల రా చెల్లె" అన్నాడు కిష్టయ్య. రమ్మని పిలిచినా వెళ్లే మొహం మాకు లేదు.

నాలుగున్నరకు ఆటో, ఐదుంబావుకు సదాశివపేటలో బస్సు. ఆ వేళకు వెనక్కి వచ్చే బస్సుల్లో సీట్లుంటాయి. కిటికీ పక్కన చిన్నమ్మను కూర్చోబెట్టాను.  నాకు ఆమె మీద కోపంగా ఉంది. ఆయన మీద ఉన్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక అది కూడా ఆమె మీదే పెట్టాను.

కంది దగ్గర ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "ఆరేండ్లు ఫౌజుల ఉండనీకి కోటరు దొరుకుత లేదన్నడు. పక్కింటి సిపాయి పెండ్లానికి దొరికింది, మాకు దొరకలే. నేను ఆమెకు నోముల పుణ్యం ఉన్నదనుకున్న."

ఆ తర్వాత దవాఖాన కార్డు. దాంట్లో నీ పేరు తప్పు పడింది, సరిచేయిస్తా అనేవాడట. కన్ను మసకబారిన కొత్తలో కూడా అదే మాట చెప్పి, బయట డాక్టరుకు చూపించాడు. తనకు మాత్రం మిలిటరీ దవాఖాన నుంచి నెలనెలా మందులు వచ్చేవి. ఆ డబ్బాలు ఇప్పటికీ ఆమె గూట్లో ఉన్నాయి.

ఇది చదివి ఇదే పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఆఫీసు పదిన్నరకు, జిరాక్స్ బస్టాండు దగ్గరే, నవంబరులో వెళ్లకండి. అసలు మొగుడు బతికుండగానే ఆయన డిశ్చార్జి పుస్తకం ఎవరితోనైనా చదివించుకోండి. అందులో ఎవరి పేరుందో ఆయన్నే ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. పోయిన తర్వాత అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్లు మిగలరు. సెల్యూట్‌లకు, పూలదండలకు ఏ కాగితమూ అడగరు. నలభై ఆరేళ్లు అన్నం వండి పెట్టినదానికి మాత్రం కాగితం కావాలి. చట్టం తప్పని నేననను. బాలమణి లాంటివాళ్ల కోసమే అది రాసి ఉంటారు. కానీ ఆమె బతికున్న రోజుల్లో అది ఆమె మంచం దాకా రాలేదు. ఇప్పుడు వచ్చి చిన్నమ్మ మందుల దగ్గర అడ్డం నిలబడింది.

కిష్టయ్య రాసిన కాగితం ఆఫీసులో ఇవ్వొద్దని నేను ఎంత చెప్పినా చిన్నమ్మ వినలేదు. బాలమణి చచ్చిపోయిందని రికార్డులోనైనా ఎక్కాలి అంది. మరుసటి వారం ఇచ్చాం. గుమాస్తా తేదీ చూసి, కాగితం మీద ముద్ర వేసి తీసుకున్నాడు. కొన్ని వారాలకు రెండు వరుసల జవాబు వచ్చింది, అర్హత లేదని. మామూలు వితంతు పెన్షన్‌కు దరఖాస్తు పెట్టాం. ఇది రాసే రోజుకు అది ఇంకా రాలేదు. ఆమె హాస్టల్లో గిన్నెలు తోముతూనే ఉంది.

ఆ సాయంత్రం బస్సు ముత్తంగి దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగిపోయింది. షిఫ్టు దిగిన జనం రోడ్డు దాటుతున్నారు. చిన్నమ్మ నా మోచేయి పట్టుకుంది.

"బిడ్డా, నా సంగతి ఆమెకు ఎర్కేనా? మంచంల పడి ఉన్నప్పుడు ఎవలన్న చెప్పిన్రా?"

నీలంసిరా వేలిముద్ర నా కళ్ల ముందే ఉంది. మధ్యాహ్నం నన్ను అబద్ధం రాయించనివ్వని మనిషి ముఖంలోకి చూశాను.

"లేదంట చిన్నమ్మా. ఎవ్వరు చెప్పలేదంట. పోయేదాక ఎర్క లేదంట."

"గంతన్న మంచిగైంది" అంది. బస్సు కదిలింది. పటాన్‌చెరు వచ్చేదాకా ఆమె కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్లు మూసుకుంది.